రౌటర్ మార్చాక ప్రింటర్ వైఫైకి కనెక్ట్ కావట్లేదు, మిగతావన్నీ బాగానే ఉన్నాయి

వెన్నెలవాకిలి
సోమవారం, రాత్రి 8:12

అందరికీ నమస్కారం. ఇంట్లో రౌటర్ మార్చాం. పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డే కొత్తదాంట్లోనూ పెట్టించాం కాబట్టి ఫోన్లు, ల్యాప్‌టాప్, టీవీ అన్నీ వాటంతట అవే కనెక్ట్ అయిపోయాయి. ప్రింటర్ ఒక్కటే మొండికేసింది. దాని మీదున్న వైర్‌లెస్ లైటు ఆగకుండా మినుకుమినుకుమంటోంది తప్ప నిలకడగా వెలగట్లేదు. ల్యాప్‌టాప్‌లో చూస్తే 'ఆఫ్‌లైన్' అని వస్తోంది.

ప్రింటర్ ఇంక్‌జెట్, స్కానర్ కూడా ఉన్న ఆల్ ఇన్ వన్. కొని చాలా ఏళ్లయింది. రెండు లైన్ల చిన్న స్క్రీన్, పక్కన బాణం బటన్లు, అంతే, టచ్ లేదు. ల్యాప్‌టాప్ విండోస్ 11. డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాను, తేడా ఏమీ లేదు. ఎల్లుండిలోగా కొన్ని దరఖాస్తులు ప్రింట్ తీసి, సంతకాలు పెట్టి పంపాలి. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

గాలిపటం_7
సోమవారం, రాత్రి 8:25

ముందు మూడూ ఆఫ్ చేయండి. రౌటర్ ఆన్ చేసి, లైట్లన్నీ స్థిరపడేదాకా ఆగండి. తర్వాత ప్రింటర్, ఆఖర్న ల్యాప్‌టాప్. ఈ వరసలోనే చేయాలి. సగం సమస్యలు దీనితోనే పోతాయి. పోకపోతే తయారీ కంపెనీ సైట్ నుంచి కొత్త డ్రైవర్ దించుకుని వేయండి, విండోస్ తనంతట తాను వేసేది కాదు.

నల్లసిరా
సోమవారం, రాత్రి 8:31

దరఖాస్తుల తొందర ఉంది కాబట్టి ముందు ఆ పని కానివ్వండి. ప్రింటర్ వెనక చదరంగా ఉండే యూఎస్‌బీ పోర్ట్ ఉంటుంది. కేబుల్ పెట్టి ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే వైఫైతో పనే లేదు. ఒక్కోసారి కంపెనీవాళ్లు ఆ పోర్ట్ మీద స్టిక్కర్ అతికించి ఉంచుతారు, అది పీకాలి. పని అయ్యాక నింపాదిగా వైఫై సంగతి చూద్దాం. ఆ కేబుల్ తర్వాత కూడా పనికొస్తుంది. చాలా ప్రింటర్ల సెటప్ సాఫ్ట్‌వేర్, యూఎస్‌బీ మీదుగానే వైఫై వివరాలు ప్రింటర్‌కి పంపిస్తుంది.

పాతకీబోర్డు
సోమవారం, రాత్రి 8:50

వెన్నెలవాకిలి గారూ, డ్రైవర్ జోలికి ఇక వెళ్లకండి. గాలిపటం గారు చెప్పిన రీస్టార్ట్ వరస సరైనదే, అది చేయండి. కానీ డ్రైవర్ ఉండేది ల్యాప్‌టాప్‌లో. ప్రింటర్ మీది లైటు మినుకుమంటోందంటే ప్రింటర్‌కీ రౌటర్‌కీ మధ్యనే మాట కలవలేదని అర్థం. ల్యాప్‌టాప్‌లో ఎన్నిసార్లు ఏది వేసినా ఆ లైటు మారదు.

ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి ప్రింటర్ నుంచి రౌటర్‌కి. రెండోది ల్యాప్‌టాప్ నుంచి రౌటర్ మీదుగా ప్రింటర్‌కి. మొదటిది తెగిపోయి ఉంటే రెండోదాన్ని ఎంత బాగుచేసినా లాభం లేదు. జనం ఎక్కువగా సమయం పోగొట్టుకునేది ఇక్కడే, మొదటిది చూడకుండా రెండోదాని మీద పడతారు.

ఇంకో మాట. ప్రింట్ తీయడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. లైన్ పోయినా సరే, రౌటర్‌కి కరెంటు ఉండి, ప్రింటర్, ల్యాప్‌టాప్ దానికి కనెక్ట్ అయి ఉంటే ప్రింట్ వస్తుంది. ఈమెయిల్ ద్వారా ప్రింట్ పంపడం, కంపెనీ క్లౌడ్ సేవలు, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ లాంటివాటికే బయటి లైన్ కావాలి. కాబట్టి 'నెట్ స్పీడు బాగానే ఉంది' అన్నది ఇక్కడ ఆధారం కాదు.

ప్రింటర్ మెనూలో సెట్టింగ్స్, అందులో నెట్‌వర్క్, అందులో 'వైర్‌లెస్ టెస్ట్ రిపోర్ట్' అనో 'నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ పేజీ' అనో ఉంటుంది. దాన్ని ప్రింట్ తీయండి. అది తీయడానికి నెట్‌వర్క్ అవసరం లేదు. అందులో ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో పరికరానికి ఉండే నంబర్) ఎంత ఉందో, ఎక్కడ 'ఫెయిల్' అని రాసి ఉందో చెప్పండి. పాస్‌వర్డ్, సీరియల్ నంబర్, మ్యాక్ అడ్రస్ (ఆ పరికరం సొంత గుర్తింపు నంబర్) ఇక్కడ పెట్టకండి.

మూడోఅంతస్తు
సోమవారం, రాత్రి 9:04

ప్రింటర్ 2.4 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్‌ని మాత్రమే అందుకునేది అయి ఉంటుంది. కొత్త రౌటర్లు 2.4, 5 రెండూ ఒకే పేరుతో ఇస్తాయి. 5ని విడదీసి వేరే పేరు పెట్టండి, పని అయిపోతుంది.

వెన్నెలవాకిలి
సోమవారం, రాత్రి 9:40

యూఎస్‌బీ కేబుల్ దొరికింది, దరఖాస్తులన్నీ ప్రింట్ అయిపోయాయి. నల్లసిరా గారూ, చాలా థ్యాంక్స్, నిజంగా పెద్ద భారం దిగింది. ఆ స్టిక్కర్ నిజంగానే ఉంది, ఇన్నేళ్లూ దానికింద పోర్ట్ ఉందని తెలియదు.

రిపోర్ట్ కూడా తీశాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా.

వైర్‌లెస్ రేడియో: ఆన్
నెట్‌వర్క్ పేరు దొరికిందా: పాస్
సిగ్నల్ బలం: పాస్, చాలా బాగుంది
భద్రతా సెట్టింగ్ సరిపోలిందా: ఫెయిల్
కనెక్ట్ అయిందా: లేదు
ఐపీ అడ్రస్: 0.0.0.0
802.11 రకం: బీ, జీ, ఎన్

మూడోఅంతస్తు గారూ, రౌటర్‌లో 2.4ని వేరు చేసి చూశాను. పేరు కనిపిస్తోంది, పాస్‌వర్డ్ కొట్టాక కాసేపు ఆలోచించి 'కనెక్ట్ కాలేదు' అంటోంది. పాస్‌వర్డ్ ఒక్కొక్క అక్షరం చూసుకుంటూ కొట్టాను.

గాలిపటం_7
సోమవారం, రాత్రి 9:48

పాస్‌వర్డ్‌లో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు చూశారా? బాణం బటన్లతో కొట్టే ప్రింటర్లలో పెద్ద 'O' అక్షరానికీ సున్నాకీ తేడా కనపడదు. పేరు చివర ఖాళీ స్థలం ఉన్నా పాతవి కొన్ని ఒప్పుకోవు.

పాతకీబోర్డు
సోమవారం, రాత్రి 10:05

రిపోర్ట్ చాలావరకు చెప్పేసింది. పేరు దొరికింది, సిగ్నల్ ఉంది. అంటే దూరం సమస్య కాదు, 5 గిగాహెర్ట్జ్ సమస్యా కాదు. వైఫై రకాల్లో (802.11) బీ, జీ, ఎన్ అని మాత్రమే ఉంది కాబట్టి మూడోఅంతస్తు గారు ఊహించినట్టు ఇది 2.4 ప్రింటరే అయి ఉంటుంది. కానీ 5లో మాత్రమే ఉన్న పేరు అయితే అసలు జాబితాలోనే కనిపించదు, మీకు కనిపించింది. ఆగింది భద్రత దగ్గర.

పాస్‌వర్డ్ తప్పయితే కూడా చాలా ప్రింటర్లు ఇదే చెబుతాయి, అందుకే గాలిపటం గారి అనుమానం కొట్టిపారేయదగింది కాదు. కానీ మీరు పాత పేరు, పాత పాస్‌వర్డే ఉంచారు. ప్రింటర్ దగ్గర ఆ రెండూ ముందు నుంచే ఉన్నాయి. మీరేమీ చేయకపోయినా మీ ఫోన్ల లాగే అదీ కనెక్ట్ అయిపోవాలి. కాలేదు. పేరు, పాస్‌వర్డ్ మారకుండా మారింది ఇంకేముంది? రౌటర్ వాడే భద్రతా పద్ధతి.

అలాంటి పద్ధతుల్లో డబ్ల్యూపీఏ2 వచ్చింది 2004లో. డబ్ల్యూపీఏ3 వచ్చింది 2018లో, 2020 జులై నుంచి వైఫై సర్టిఫికేషన్‌కి వచ్చే కొత్త పరికరాలన్నింటికీ అది తప్పనిసరి అయింది. మీ ప్రింటర్ అంతకంటే పాతదైతే దానికి డబ్ల్యూపీఏ3 తెలిసే అవకాశం చాలా తక్కువ. ఇంటికి వచ్చిన రౌటర్‌లో అదొక్కటే ఆన్ చేసి ఉంటే ప్రింటర్‌కి పేరు కనిపిస్తుంది, పాస్‌వర్డ్ సరిగ్గా ఇచ్చినా లోపలికి రాలేదు.

రౌటర్ పేజీలో వైర్‌లెస్ సెక్యూరిటీ దగ్గర ఏముందో చూడండి.

వెన్నెలవాకిలి
సోమవారం, రాత్రి 10:22

'డబ్ల్యూపీఏ3 పర్సనల్' అని ఉంది! కింద మెనూలో 'డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3', 'డబ్ల్యూపీఏ2 పీఎస్‌కే ఏఈఎస్', 'డబ్ల్యూపీఏ పీఎస్‌కే టీకేఐపీ', 'ఓపెన్' ఉన్నాయి. ఏది పెట్టాలి? రౌటర్ మీది డబ్ల్యూపీఎస్ బటన్ (పాస్‌వర్డ్ కొట్టకుండా కలిపేది) కూడా నొక్కి చూశాను, ఏమీ కాలేదు.

పాతకీబోర్డు
సోమవారం, రాత్రి 10:28

డబ్ల్యూపీఏ3లో డబ్ల్యూపీఎస్ బటన్ పద్ధతి లేదు. అందుకే పలకలేదు. రెండూ కలిసిన 'డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3' పెట్టి చూడండి.

తీగలగూడు
సోమవారం, రాత్రి 10:41

ఒక్క నిమిషం. ఆఫీసుల్లో నెట్‌వర్కులు చూడటమే నా పని, కాబట్టి చెప్పాల్సి వస్తోంది. దయచేసి టీకేఐపీ (ఏఈఎస్ కంటే పాత ఎన్‌క్రిప్షన్), ఓపెన్ (పాస్‌వర్డే లేనిది) ఈ రెండింటి జోలికి వెళ్లకండి. టీకేఐపీ భద్రత బలహీనమనే కాదు, అది పెడితే 802.11ఎన్ వేగం పనిచేయదు, ఆ నెట్‌వర్క్ సెకనుకు 54 మెగాబిట్లకు పడిపోతుంది. 'ప్రింటర్ కనెక్ట్ అయింది కానీ ఇంట్లో నెట్ నత్తనడక' అనే ఫిర్యాదుల్లో ఇదొక కారణం.

కలిపిన మోడ్ గురించి కూడా ఒక మాట. చాలా ప్రింటర్లకు అది సరిపోతుంది. కానీ కొన్ని పాతవి అందులోనూ రావు. కలిపిన మోడ్‌లో రౌటర్ 'ప్రొటెక్టెడ్ మేనేజ్‌మెంట్ ఫ్రేమ్స్' అనే అదనపు రక్షణ తన దగ్గరుందని ప్రకటిస్తుంది. తప్పనిసరి అనదు, ఉంటే వాడు అంటుంది. పాత వైఫై చిప్పులు కొన్ని ఆ ప్రకటన చూసే తికమకపడి వెనక్కి వెళ్లిపోతాయి.

నా సలహా వేరు. ఒక్క ప్రింటర్ కోసం ఇంటి మొత్తం నెట్‌వర్క్‌ని కిందికి దించకండి. రౌటర్‌లో రెండో వైఫై పేరు పెట్టే వీలుంటే, 2.4 గిగాహెర్ట్జ్‌లో మాత్రమే ఉండేలా, 'డబ్ల్యూపీఏ2 పీఎస్‌కే ఏఈఎస్' భద్రతతో, వేరే పెద్ద పాస్‌వర్డ్‌తో ఒకటి పెట్టి ప్రింటర్‌ని దానికి కట్టేయండి. అసలు పేరు డబ్ల్యూపీఏ3లోనే ఉండనివ్వండి.

నల్లసిరా
సోమవారం, రాత్రి 10:55

తీగలగూడు గారి సలహా మంచిదే, కానీ ఒక జాగ్రత్త చెప్పకపోతే వెన్నెలవాకిలి గారు ఇంకో గోతిలో పడతారు. ఆ రెండో పేరుగా 'గెస్ట్ నెట్‌వర్క్' వాడకూడదు. ప్రింటర్లు బాగుచేసే పనిలో నాకు తరచూ ఎదురయ్యే వ్యవహారం ఇది. గెస్ట్‌లో ఉన్న పరికరాలకు బయటి ఇంటర్నెట్ దొరుకుతుంది, ఇంట్లోని మిగతా పరికరాలు కనిపించవు. దాని ఉద్దేశమే అది. ప్రింటర్ లైటు హాయిగా వెలుగుతుంది, రిపోర్ట్‌లో అన్నీ 'పాస్' వస్తాయి, ఐపీ అడ్రస్ కూడా ఉంటుంది. ఫోన్‌లో వెతికితే మాత్రం ప్రింటర్ ఉండదు. 'ఏపీ ఐసొలేషన్' అనో 'క్లయింట్ ఐసొలేషన్' అనో టిక్ ఉంటే మామూలు పేరులోనూ ఇంతే.

కాబట్టి రెండో పేరు పెట్టినా అది ఇంటి అసలు నెట్‌వర్క్‌లో భాగంగానే ఉండాలి. రౌటర్‌లో ఆ వీలు లేకపోతే 2.4 మొత్తాన్ని డబ్ల్యూపీఏ2 ఏఈఎస్‌కి మార్చేయండి. మంచి పాస్‌వర్డ్ ఉంటే ఇంటికి అది చాలు.

తీగలగూడు
సోమవారం, రాత్రి 10:59

అవును, గెస్ట్ సంగతి నేనే రాయాల్సింది. నల్లసిరా గారు చెప్పింది అక్షరాలా నిజం.

వెన్నెలవాకిలి
మంగళవారం, ఉదయం 7:15

ముందు కలిపిన మోడ్ పెట్టి చూశాను, రాలేదు. సరిగ్గా తీగలగూడు గారు చెప్పినట్టే. మా రౌటర్‌లో గెస్ట్ తప్ప రెండో పేరు పెట్టే చోటు కనిపించలేదు. 2.4ని నిన్ననే వేరు చేసి ఉంచాను కాబట్టి దాన్ని మాత్రం డబ్ల్యూపీఏ2 ఏఈఎస్‌కి మార్చి, 5ని డబ్ల్యూపీఏ3లోనే వదిలేశాను. ప్రింటర్‌లో మళ్లీ వైర్‌లెస్ సెటప్ నడిపాను. లైటు నిలకడగా వెలిగింది!! రిపోర్ట్‌లో అన్నీ పాస్. ఐపీ అడ్రస్ 192.168.1.34.

ఫోన్ నుంచి ఫోటో పంపితే వెంటనే ప్రింట్ అయింది. ల్యాప్‌టాప్ మాత్రం ఇంకా 'ఆఫ్‌లైన్' అంటోంది. యూఎస్‌బీ పీకేశాను. ఇదేమిటి?

సాయంకాలం
మంగళవారం, ఉదయం 7:50

ఇదే దారిలో నాదీ అడుగుతున్నా, ఏమనుకోకండి. హాస్టల్ వైఫైకి ప్రింటర్ అసలు రావట్లేదు. అక్కడ కనెక్ట్ అయ్యాక బ్రౌజర్‌లో లాగిన్ పేజీ వస్తుంది, యూజర్ పేరు, పాస్‌వర్డ్ కొట్టాలి. ప్రింటర్‌లో అది ఎలా కొట్టాలి?

పాతకీబోర్డు
మంగళవారం, ఉదయం 8:20

సాయంకాలం, కొట్టలేరు. ఇంటి ప్రింటర్‌లో ఆ లాగిన్ పేజీ తెరిచే బ్రౌజర్ ఉండదు. ఆ నెట్‌వర్క్ చూసేవాళ్లు ప్రింటర్ మ్యాక్ అడ్రస్‌ని అనుమతిస్తే తప్ప కుదరదు. అనుమతించినా అలాంటిచోట ఒకరి పరికరం ఇంకొకరికి కనిపించకుండా పెడతారు, అప్పుడూ ప్రింట్ రాదు. మీకు వైఫై డైరెక్ట్ సరైన దారి. ప్రింటరే సొంతంగా ఒక చిన్న వైఫై పేరు ఇస్తుంది, ల్యాప్‌టాప్‌ని నేరుగా దానికి కలిపి ప్రింట్ తీసుకోవచ్చు. ఆ కాసేపు ల్యాప్‌టాప్‌లో హాస్టల్ నెట్ పోవచ్చు. ప్రింట్ అయ్యాక మళ్లీ మారండి. దాని పాస్‌వర్డ్ ప్రింటర్ మెనూలోనో రిపోర్ట్‌లోనో ఉంటుంది.

ఇక వెన్నెలవాకిలి గారూ, మొదటి దారి బాగయింది. ఫోన్ ప్రింట్ ఇచ్చిందంటే ప్రింటర్‌కీ రౌటర్‌కీ ఏ లోటూ లేదు. మిగిలింది ల్యాప్‌టాప్ ఒక్కటే. అందులో బ్రౌజర్ తెరిచి, పైన అడ్రస్ బార్‌లో 192.168.1.34 అని కొట్టండి. ప్రింటర్ సొంత పేజీ తెరుచుకుంటే దారి ఉన్నట్టే, విండోస్ తప్పు చోటికి పంపుతోందని అర్థం. తెరుచుకోకపోతే ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ (నెట్ రాకపోకల్ని వేరే నెట్‌వర్క్ మీదుగా పంపేది) ఆన్‌లో ఉందేమో చూడండి. ఆఫీసు వీపీఎన్‌లు చాలావరకు ఇంటి నెట్‌వర్క్‌ని కనపడకుండా చేస్తాయి.

వెన్నెలవాకిలి
మంగళవారం, ఉదయం 8:33

పేజీ తెరుచుకుంది. ఇంకు ఎంత మిగిలిందో బొమ్మలతో సహా కనిపిస్తోంది.

పాతకీబోర్డు
మంగళవారం, ఉదయం 8:44

బాగుంది. ఇప్పుడు సెట్టింగ్స్‌లో 'బ్లూటూత్ అండ్ డివైసెస్', అందులో 'ప్రింటర్స్ అండ్ స్కానర్స్', మీ ప్రింటర్ మీద నొక్కి 'ప్రింటర్ ప్రాపర్టీస్', పైన 'పోర్ట్స్' అనే ట్యాబ్. అక్కడ టిక్ పెట్టి ఉన్న లైన్‌లో ఏ ఐపీ ఉంది?

వెన్నెలవాకిలి
మంగళవారం, ఉదయం 8:49

192.168.0.105

పాతకీబోర్డు
మంగళవారం, ఉదయం 9:02

అదీ సంగతి. మీ పాత రౌటర్ ఇంట్లో అందరికీ 192.168.0తో మొదలయ్యే అడ్రస్‌లు ఇచ్చేది. కొత్తది 192.168.1తో మొదలయ్యేవి ఇస్తోంది. ఇల్లు మారిన మనిషికి పాత అడ్రస్‌కే ఉత్తరాలు వేస్తున్నట్టు మీ విండోస్ ఇంకా 105 తలుపే తడుతోంది. అక్కడ ఎవరూ లేరు కాబట్టి 'ఆఫ్‌లైన్' అంటోంది. ఫోన్‌కి ఈ బాధ ఎందుకు లేదంటే, అది ప్రింట్ ఇచ్చేముందు 'ఇక్కడ ప్రింటర్ ఎవరైనా ఉన్నారా' అని నెట్‌వర్క్ మొత్తాన్ని అడిగి, వచ్చిన జవాబుని బట్టి పంపుతుంది.

అదే ట్యాబ్‌లో 'యాడ్ పోర్ట్' నొక్కి, 'స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్' ఎంచుకుని 192.168.1.34 ఇవ్వండి. ప్రింటర్ తీసేసి మళ్లీ కలపనక్కర్లేదు.

దానికంటే ముందు ఒక పని చేయండి, లేకపోతే నెల తిరక్కుండా మళ్లీ ఇక్కడికే వస్తారు. 34 అనేది రౌటర్ అప్పటికి ఖాళీగా ఉన్నదాన్ని చూసి ఇచ్చిన అడ్రస్. కొన్నాళ్లు ప్రింటర్ ఆఫ్‌లో ఉంటే అదే అడ్రస్ ఏ టీవీకో వెళ్లిపోవచ్చు. రౌటర్ పేజీలో డీహెచ్‌సీపీ (అడ్రస్‌లు పంచే విభాగం) దగ్గర 'అడ్రస్ రిజర్వేషన్' ఉంటుంది. అక్కడ ప్రింటర్ మ్యాక్ అడ్రస్‌కి 34ని శాశ్వతంగా కేటాయించండి.

మూడోఅంతస్తు
మంగళవారం, ఉదయం 9:30

రిజర్వేషన్ బదులు ప్రింటర్ మెనూలోనే స్టాటిక్ ఐపీ (మారని అడ్రస్) పెట్టుకుంటే పోలేదా? నేను అలాగే పెట్టుకున్నా, ఏళ్లుగా నడుస్తోంది.

తీగలగూడు
మంగళవారం, ఉదయం 9:47

నడుస్తుంది, రౌటర్ మారేదాకా. ఈ చర్చలో జరిగింది చూడండి. ఆవిడ ప్రింటర్‌లో 192.168.0.105 అని చేత్తో పెట్టి ఉంటే, భద్రత సమస్య తీరాక లైటు వెలిగేది, కానీ కొత్త నెట్‌వర్క్‌లో ఫోన్‌కి కూడా చిక్కేది కాదు. పైగా ఇలా చేత్తో పెట్టిన అడ్రస్ రౌటర్ పంచే పరిధిలో ఉంటే, అది తీసుకున్నారని రౌటర్‌కి తెలియదు, అదే నంబర్ ఇంకోదానికి ఇచ్చేయవచ్చు. రౌటర్ పంచే పరిధికి బయట ఉన్న నంబర్ అయితే ఆ రెండో చిక్కు ఉండదు. నా ఓటు రిజర్వేషన్‌కే.

వెన్నెలవాకిలి
మంగళవారం, ఉదయం 10:20

రిజర్వేషన్ చేశాను, పోర్ట్ మార్చాను. నిన్న పంపి ఆగిపోయినవన్నీ వరసగా వచ్చిపడ్డాయి, ఒకే దరఖాస్తు బోలెడు కాపీలు! ఒక్క ఫైల్ మాత్రం 'డిలీటింగ్' అని అలాగే ఉండిపోయింది, కదలట్లేదు, దాని వెనకవి రావట్లేదు.

నల్లసిరా
మంగళవారం, ఉదయం 10:31

ప్రింటర్ ఆఫ్ చేయండి. విండోస్‌లో 'సర్వీసెస్' తెరిచి 'ప్రింట్ స్పూలర్' (ప్రింట్ల వరసను చూసే సర్వీస్) మీద రైట్ క్లిక్ చేసి ఆపండి. సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ అనే ఫోల్డర్‌లోకి వెళ్లి లోపలున్న ఫైళ్లు తీసేయండి. ఫోల్డర్‌ని తీయకండి, లోపలివి మాత్రమే. తర్వాత స్పూలర్ మళ్లీ మొదలుపెట్టి, ప్రింటర్ ఆన్ చేయండి. వరసలో ఉన్నవన్నీ పోతాయి, కావలసినవి మళ్లీ పంపుకోండి.

వెన్నెలవాకిలి
మంగళవారం, ఉదయం 10:44

అయిపోయింది. ల్యాప్‌టాప్, ఫోన్ రెండింటి నుంచీ వస్తోంది, స్కాన్ కూడా. మీరంతా ఇంత ఓపిగ్గా చెప్పకపోతే కొత్త ప్రింటర్ కొనేసేదాన్ని. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

బూడిదరంగుపిల్లి
బుధవారం, సాయంత్రం 6:10

చర్చ మొత్తం చదివాను, చాలా ఉపయోగపడింది. మాకు మాత్రం కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ప్రింటర్ మాయమవుతుంది. రిపోర్ట్ తీస్తే ఐపీ 169.254తో మొదలవుతోంది. ప్రింటర్‌ని ఆఫ్ చేసి ఆన్ చేస్తే మళ్లీ మామూలే. రిజర్వేషన్ పెట్టే ఉంది.

పాతకీబోర్డు
బుధవారం, సాయంత్రం 6:35

169.254 అంటే ఎవరూ అడ్రస్ ఇవ్వకపోతే పరికరం తనకు తానే పెట్టుకునేది. కరెంటు రాగానే ప్రింటర్ ముందు లేచి అడ్రస్ అడుగుతోంది, రౌటర్ ఇంకా పూర్తిగా లేవలేదు. జవాబు రాక ఇది తనదొకటి పెట్టేసుకుంటోంది. కొన్ని ప్రింటర్లు కాసేపటికి మళ్లీ అడుగుతాయి, కొన్ని అడగవు. రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెడితే ఈ గొడవే ఉండదు. అది లేకపోతే, ప్రింటర్ మెనూలో కరెంటు రాగానే దానంతట అదే ఆన్ అయ్యే సెట్టింగ్ ఉందేమో చూసి తీసేయండి. రౌటర్ లైట్లు స్థిరపడ్డాక మీరే ఆన్ చేసుకోవచ్చు.

బూడిదరంగుపిల్లి
బుధవారం, రాత్రి 9:18

ఆ సెట్టింగ్ ఉంది, తీసేశాను. మెయిన్ స్విచ్ ఆపి, వేసి చూశాను. రౌటర్ లేచాక ప్రింటర్ ఆన్ చేస్తే రిజర్వ్ చేసిన ఐపీతోనే వచ్చింది.